కాఫీ పొంగేలోగా

మెట్ల దగ్గర గోడకు అంటించిన పసుపుపచ్చ కాగితం మొదటిసారి చదివినప్పుడు త్రాయ్కోకు ఏమీ అనిపించలేదు. భూగోళానికి ఈ దక్షిణ సగంలో వసంతం సెప్టెంబరులో వస్తుంది, దాంతోపాటే ఏటా ఆ రంగు కాగితమూ అక్కడికి వస్తుంది. చలి వెనక్కి తగ్గింది, ఇక భవనాన్ని కడిగి ఆరబెట్టుకోవాలని దాని సారాంశం. శనివారం పొద్దున మనుషులొస్తారు. చూరు గొట్టాల్లో పేరుకున్న ఆకులు తీస్తారు. గోడలు ప్రెషర్ నీళ్లతో కడుగుతారు. కార్లు వీధిలో పెట్టుకోండి, కిటికీలు మూసుకోండి. చివరి వాక్యం దాటి ముందుకు పోయిన చూపు మళ్లీ వెనక్కి వచ్చింది. పెరట్లో వాడకంలో లేని పాత దండేన్ని కోసి తీసేస్తారు.

అతని చేతిలో బుట్ట ఉంది. బుట్టలో అప్పుడే ఆ దండెం మీంచి తీసుకొచ్చిన దిండు గలేబులు ఇంకా ఎండ వాసన వేస్తున్నాయి.

కోపం వెంటనే రాలేదు. అతనికి ఎప్పుడూ అంతే. ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపిన మనిషి. పైన గదిలో మీట లాగితే కింద కొక్కేనికి వేలాడే బరువు ఒక క్షణం ఆగి కదులుతుంది. అతని కోపమూ అలాగే కదులుతుంది. లోపలికి వెళ్లి ఒక గలేబు మడతపెట్టి, రెండోదాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడుస్తూ ఉండగా అప్పుడు తెలుసుకున్నాడు తనకు కోపం వచ్చిందని.

వారవాంగ్‌లో కర్మాగారానికి దగ్గర్లో ఉన్న ఆ ఎర్ర ఇటుకల భవనంలో ఆరిళ్లు ఉన్నాయి. వెనక పెరట్లో ఒక ఇనుప స్తంభం, దాని మీద గొడుగు ఊచల్లా విచ్చుకున్న నాలుగు చేతులు, వాటి మధ్య సాలెగూడులా తీగలు. స్తంభానికి ఒక పిడి. తిప్పితే బట్టలతో సహా మొత్తం పైకి లేస్తుంది, గాలికి మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. ఏటా వసంతంలో ఆ పిడి కింది పళ్లచక్రాల పెట్టె విప్పి, పాత గ్రీజు గోకి, కొత్తది పెట్టేది త్రాయ్కోయే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. భార్య రాట్కా పోయిన కొత్తలో చొక్కాను ఎక్కడ క్లిప్పు పెట్టి వేలాడదీయాలో కూడా అతనికి తెలిసేది కాదు. భుజాల దగ్గర పెడితే అక్కడ చిన్న కొమ్ములు మొలిచేవి. వాటితోనే బజారుకు వెళ్లొచ్చేవాడు. ఇప్పుడు తెలుసు. ఈశాన్య గాలి వీచే రోజుల్లో రాట్కా బట్టలు ఆరేసేది కాదు. కర్మాగారం మసి దుప్పట్ల మీద మిరియాల పొడిలా వాలేది. "నువ్వు అక్కడ మసి తయారుచేసి వస్తావు, నేనిక్కడ దాన్ని ఉతుకుతాను. జీతం మాత్రం నీకొక్కడికే," అనేది.

లిండల్ పై అంతస్తులో ఉంటుంది. స్కూల్లో డిప్యూటీ ప్రిన్సిపల్‌గా చేసి రిటైరయింది. భవనంలో ఇళ్ల యజమానుల కమిటీకి సెక్రటరీ. త్రాయ్కో వెళ్లి తలుపు కొట్టేసరికి ఆమె చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని స్నానాల గది పలకలు తోముతోంది.

"ఆ కాగితం నువ్వే రాశావా లిండల్?"

"నేనే. తప్పులేమైనా ఉన్నాయా?"

"వాడకంలో లేని దండెం అని రాశావు. నా గలేబులు ఎక్కడ ఆరాయనుకుంటున్నావు?"

ఆమె నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. క్లాసులో ఆలస్యంగా అర్థమైన పిల్లాడిని చూసి నవ్వే నవ్వు. "నువ్వొక్కడివే వాడుతున్నావు త్రాయ్కో. ఒక్కడు వాడితే దాన్ని వాడకం అనరు. అలవాటంటారు."

"మేలే వాడుతుంది. ఆమె పిల్లల స్కూలు బట్టలన్నీ దాని మీదే."

"మేలే అద్దెకుంటోంది."

ఆ మాట తర్వాత ఇంకేదో వస్తుందని అతను ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. ఆమె దృష్టిలో అది పూర్తి వాక్యమే.

"తుప్పు పట్టింది. ఎవరి పిల్లలో ఊగి పడతారు. పైన రెండిళ్లు అమ్మకానికి పెడుతున్నారు, చూడ్డానికి వచ్చేవాళ్లకు పెరట్లో మొదట కనిపించేది అదే. ఎవరి లోదుస్తులో ఊగుతూ."

"తుప్పు లేదు. నేను గ్రీజు పెడతాను."

"చూడు, నేనొక్కదాన్నే నిర్ణయించింది కాదిది. మీటింగులో పెట్టాం. ఎవరూ కాదనలేదు. నువ్వూ ఉన్నావుగా."

"నేనా?"

"నువ్వేగా కాఫీ ఇచ్చావు," అంది లిండల్.

మీటింగు కింది అంతస్తులో, అందరూ బట్టలుతుక్కునే గదిలో జరుగుతుంది. వాషింగ్ మెషీన్ల మీద కొందరు కూర్చుంటారు, కుర్చీలు తెచ్చుకున్నవాళ్లు కుర్చీల్లో. లిండల్ ఒక్కో విషయం చదివి "ఎవరికైనా అభ్యంతరమా?" అంటుంది. ఎవరూ మాట్లాడకపోతే అది అయిపోయినట్టే. ఎవరూ మాట్లాడరు. మధ్యలో కాఫీ. త్రాయ్కో ఇల్లు ఆ గది పక్కనే కాబట్టి, రాట్కా ఉన్న రోజుల్లో మొదలైన ఆనవాయితీ కాబట్టి, కాఫీ అతనిదే. పొడుగు పిడి ఉన్న రాగి గిన్నెలో, పొడి నేరుగా నీళ్లలో వేసి కాచే కాఫీ. దాన్ని పొయ్యి మీద వదిలి రాకూడదు. నురగ మెల్లగా అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి ఒక్కసారిగా లేస్తుంది. సరిగ్గా అప్పుడే దించాలి. తల అటు తిప్పితే అంతా పొయ్యిపాలు. అందుకే అతను గిన్నె ముందు నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోతాడు, గోడ అవతల మాటలు వినిపించినా అర్థం కావు.

గోడ అవతల వాళ్లు దండేన్ని తీసేస్తున్నప్పుడు అతను నురగను చూస్తున్నాడు.

ఆ రోజు నుంచి అతను ఆ మీటింగును మనసులో మళ్లీ మళ్లీ నడిపించుకున్నాడు. "త్రాయ్కో, ఇక కాఫీ సంగతి చూస్తావా?" అంది లిండల్. మొదటిసారి గుర్తు చేసుకున్నప్పుడు అది మామూలు మాట. మర్నాటికి, ఆ మాట అనే ముందు ఆమె చేతిలో కాగితం వైపు చూసినట్టు తోచింది. ఇంకో రోజుకు, కాగితం చూసి, ఎదుటివాళ్లను చూసి, ఆ తర్వాతే తన వైపు తిరిగినట్టు. ఇలా పెరుగుతున్నది జ్ఞాపకం కాదని అతనికి తెలుసు. కర్మాగారంలో ప్రమాదం జరిగినప్పుడు విచారణలో చూశాడు. రోజులు గడిచేకొద్దీ సాక్షులకు ఎక్కువెక్కువ కనిపించేది. తెలిసి కూడా ఆపలేకపోయాడు. తను పళ్లు తోముకుంటున్నా, రొట్టె కోస్తున్నా, లోపల ఆమె మళ్లీ కాగితం చూసేది, మళ్లీ తల తిప్పేది.

దండెం పోతుందన్నది ఒక బాధ. దానికో రూపం ఉంది. ఇనుప స్తంభం, తీగలు. రెండో బాధకు రూపం లేదు. తను ఉన్నచోటే తను లేకుండా చేశారు. అది కూడా తన చేతే, తన కాఫీతోనే.

మేలేతో ఈ సంగతి పెరట్లో చెప్పాడు. టోంగా దీవుల నుంచి వచ్చిన మనిషి. వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తుంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, పిల్లల చొక్కాలు ఆరేస్తూ, నోట్లో క్లిప్పులు పెట్టుకునే విన్నది. విన్నాక క్లిప్పులు తీసి అరచేతిలో పెట్టుకుంది.

"అంటే అంకుల్, మా దండెం మీ కాఫీలో కరిగిపోయిందన్నమాట."

"నువ్వు మీటింగుకు వచ్చి ఉండొచ్చుగా."

"వచ్చి? గోడకు చేరబడి వినడానికా? బాల్కనీలో ఒక్క తువ్వాలు ఆరేసినందుకు నా తలుపు సందులోంచి చీటీ తోశారు. బాల్కనీలో వద్దంటారు, పెరట్లో వద్దంటారు. మెషీన్‌లో వేస్తే కరెంటు తాగేస్తుంది. తడి బట్టలు ఒంటికి కట్టుకుని ఆరబెట్టుకోమంటారా?" ఒక చొక్కా దులిపింది, చప్పుడయ్యేలా. "మాకైతే నోరు లేదు. మీకుందిగా. దాన్ని కాఫీ ఊదుకోడానికే వాడితే ఎలా?"

 అతనికి చెంప మీద కొట్టినట్టయింది. అయితే ఆ దెబ్బ మేలే కొట్టింది కాదు. అందుకే ఆమె మీద కోపం రాలేదు.

శనివారం పొద్దున అతను నిద్ర లేచి దుప్పట్లన్నీ నానబెట్టాడు. శనివారం ఉతికే రోజే, ఇందులో వింతేముంది అనుకున్నాడు. మరి బీరువాలో మడతపెట్టి ఉన్న దుప్పట్లను కూడా తీసి నానబెట్టిన చేతులు ఎవరివి? ఆ ప్రశ్న వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి, మెషీన్ తిప్పి, బుట్ట తర్వాత బుట్ట పెరట్లోకి మోశాడు. తీగ కనిపించకుండా నింపాడు. ఇంటి వైపు ముందు తీగ మీద, అందరికంటే ముందు కనిపించేచోట, చలికాలం తొడుక్కునే తన పొడుగు లోపలి లాగులు వేలాడదీశాడు. అది మాత్రం తెలిసే చేశాడు.

పనివాళ్ల వ్యాను వచ్చింది. నిచ్చెనలు చూరుకు ఆన్చారు, కుళ్లిన ఆకులు ముద్దలు ముద్దలుగా కింద పడ్డాయి. వాళ్ల పెద్ద క్లింట్, టోపీ కింద ముక్కు ఎండకు పొట్టు లేచిపోయిన మనిషి, కటింగ్ మెషీన్ చేత్తో పట్టుకుని పెరట్లోకి వచ్చి ఆగిపోయాడు.

"పెద్దాయనా, ఇవి మీవేనా?"

"నావే."

"తీసేస్తారా?"

"ఆరలేదు."

"ఎప్పుడారతాయి?"

"గాలిని అడుగు."

క్లింట్ నిజంగానే ఆకాశం వైపు చూశాడు. కటింగ్ మెషీన్ నేల మీద పెట్టాడు. "మనుషుల సొంత వస్తువులు మేం ముట్టుకోం. పోయినేడు ఒకావిడ కుండీ ఓ పక్కకు జరిపినందుకు మా ఓనరు వెళ్లి క్షమాపణ చెప్పి, కొత్త మొక్క కొనిచ్చాడు. స్తంభం భవనానిది, అది కోస్తాను. బట్టలు మీవి. బట్టలున్నంతసేపూ నాకిక్కడ స్తంభం లేనట్టే."

లిండల్ దిగొచ్చింది. దండేన్ని చూసింది, క్లింట్‌ను చూసింది. త్రాయ్కోను చివర చూసింది.

"ఇది చిన్నపిల్లల పని త్రాయ్కో."

"ఉతుక్కోవడం పెద్దవాళ్ల పనే."

"తీసెయ్యి, దయచేసి."

"నేను తియ్యను. నీకు తీసేయాలని ఉంటే తీసెయ్యి. నువ్వు భవనం మనిషివి, వీళ్లలాగా నీకు అడ్డు లేదు."

ఆమె చెయ్యెత్తింది. ముందు తీగ మీది మొదటి క్లిప్పు దాకా చెయ్యి వెళ్లింది. అప్పుడు గాలి వీచి పొడుగు లాగు ఆమె ముఖం ముందు కాలు జాపింది. ఆమె వేళ్లు గాలిలో ఆగి, మెల్లగా వెనక్కి వచ్చి, తన సొంత మోచేతిని పట్టుకున్నాయి. క్లింట్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. త్రాయ్కోకు నవ్వు రాలేదు. వస్తుందనే వాటిని అక్కడ ఆరేశాడు గానీ, ఆ చెయ్యి వెనక్కి వెళ్లడం చూస్తే ఆమెకూ తనలాగే ఒంటరిగా ఉతుక్కునే రోజులుంటాయని గుర్తొచ్చింది. అలా గుర్తు రావడం మీద ఇంకా కోపం వచ్చింది. తను కోపంగా ఉండటానికే ఇక్కడ నిలబడ్డాడు, జాలి పడటానికి కాదు.

"వెనక గోడ కడగాలిగా," అంది లిండల్ క్లింట్‌తో. "పని ఆపకండి."

"బట్టల మీద పడుతుంది మేడమ్."

"తడి బట్టలేగా."

క్లింట్ భుజాలెగరేసి గొట్టం అందుకున్నాడు. పని చేయించుకునేది ఆమె. గొట్టం ఉరిమింది. నీళ్లు మూడో అంతస్తు కిటికీ గట్ల మీద తగిలి, ఎన్నేళ్ల నుంచో ఇటుకల సందుల్లో పేరుకుని ఉన్నదాన్ని పెళ్లగించాయి. గోడ మీద నల్లటి చారలు జారాయి. తుంపర గాలికి వంగింది. త్రాయ్కో చూస్తుండగానే తెల్ల దుప్పట్ల మీద చుక్కలు పడ్డాయి, మిరియాల పొడిలాగే, ఆ తర్వాత చుక్కలు కలిసి బూడిద రంగు మరకలయ్యాయి. అది అతనికి తెలిసిన మసి. అతను పైన గదిలో కూర్చుని మీటలు లాగిన రోజుల్లోది. అన్నేళ్లు గోడలో దాక్కుని ఇప్పుడు వచ్చింది.

అతను గొంతు పెంచలేదు. "ఇవి ఇప్పుడు మళ్లీ ఉతకాలి," అన్నాడు.

"అయితే తీసెయ్యి," అంది లిండల్. చాలా త్వరగా అంది.

దుప్పటి కొస పట్టుకుని అతను నిలబడిపోయాడు. తీస్తే తీగలు ఖాళీ. క్లింట్ మెషీన్ నేల మీదే ఉంది. తీయకపోతే రాట్కా కొన్న దుప్పట్ల మీద మసి ఆరి ముదిరి ఇక పోదు. అన్యాయం అంటే పెద్దగా ఉంటుందని, చూడగానే తెలుస్తుందని అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇది తడిగుడ్డ కొసంత ఉంది. చల్లగా ఉంది. వేళ్ల మధ్య నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి.

"అంకుల్, కాస్త జరుగుతారా."

మేలే. తుంటి మీద బుట్ట, బుట్టలోంచి నీళ్లు కారుతున్నాయి. మెషీన్ మధ్యలో ఆపి తెచ్చినట్టుంది. ఆమె అతని మొదటి దుప్పటిని తీసి అతని భుజం మీద వేసి, ఆ చోట ఒక ప్యాంటు వేలాడదీసింది. ఇంకో దుప్పటి, ఇంకో ప్యాంటు.

"మేలే, ఇవీ పాడైపోతాయి. మసి."

"నా డ్యూటీ ప్యాంట్లు నల్లవి. ఎంత పోస్తారో పొయ్యమనండి."

లిండల్ ముందుకు వచ్చింది. "మేలే, నువ్వు అద్దెకుంటున్నావు. ఈ విషయంలో నీకు సంబంధం లేదు."

"అవును లిండల్." మేలే క్లిప్పు నొక్కి వదిలింది. "నేనేం మాట్లాడలేదుగా. బట్టలే ఆరేస్తున్నాను."

గొట్టం చప్పుడు ఆగింది. ఆపమని ఎవరూ చెప్పలేదు. క్లింట్ చెయ్యి తనంతట తానే ఆపినట్టుంది. "ఈ పక్క గోడ ఇంకో రోజు చూద్దాం," అన్నాడు ఎవరివైపూ చూడకుండా. త్రాయ్కో మసి దుప్పట్లు మోసుకుంటూ లోపలికి వెళ్లి మెషీన్‌లో కుక్కాడు. అవి తిరిగి బయటికి వచ్చేదాకా నల్ల ప్యాంట్లు దండెం కాపలా కాశాయి. దుప్పట్లు వచ్చాక ప్యాంట్లను ఓ పక్కకు జరిపారు. మధ్యాహ్నానికి పనివాళ్లు నిచ్చెనలు వ్యానులో కట్టుకుని వెళ్లిపోయారు. కటింగ్ మెషీన్ వాడకుండానే వెళ్లింది.

మళ్లీ మీటింగు పెట్టక తప్పలేదు. ఆదివారం, అదే గదిలో. సబ్బు వాసన, వాషింగ్ మెషీన్ల మీద అవే మనుషులు. మేలే కూడా వచ్చి తలుపు దగ్గర గోడకు చేరబడి నిలబడింది, చెప్పినట్టే. త్రాయ్కో ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని లిండల్‌కు ఎదురుగా వేసుకున్నాడు. ఆమె చూరు గొట్టాల గురించి చదివింది, మెట్ల దీపాల గురించి చదివింది. పై ఇంటి పాస్కో, చెవుడు మొదలైన పెద్దమనిషి, అటూ ఇటూ చూశాడు.

"కాఫీ ఏదోయ్ త్రాయ్కో?"

"ఇవాళ లేదు."

"అయ్యో. ఒంట్లో బాగాలేదా?"

"బాగుంది."

గదిలో కప్పుల్లేని చేతులకు ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరో వేళ్లు విరుచుకున్నారు. లిండల్ గొంతు సవరించుకుంది. "పెరట్లో దండెం తీసేయడం. ఎవరికైనా అభ్యంతరమా?"

నిశ్శబ్దం. ఇదే, గోడ అవతల తనకు వినిపించనిది. అన్నేళ్లూ ఈ నిశ్శబ్దంలో తను లేడు. నురగ దగ్గర ఉన్నాడు. ఉండటం ఇష్టమయ్యే ఉన్నాడా? గొంతులో మాట ఉంది, నాలుక దాకా రాలేదు. మీట లాగాడు, బరువు ఇంకా కదల్లేదు. లిండల్ కళ్లు మళ్లీ కాగితం మీదికి వెళ్తున్నాయి.

"నాకుంది," అన్నాడు. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

పాస్కో అటు తిరిగాడు. "ఏంటి, దండెం తీసేస్తున్నారా? ఎప్పుడనుకున్నాం?"

"పోయిన మీటింగులో," అంది లిండల్. "మీరూ ఉన్నారు."

"ఉన్నాను. కానీ కాఫీ వాసన వచ్చింది కదమ్మా. త్వరగా అయిపోతే బాగుండని తలుపు వైపు చూస్తున్నాను. నువ్వేం చదివావో వింటే గదా." చుట్టూ చూశాడు. "మీరు విన్నారా?"

ఎవరూ విన్నామని అనలేదు. ఒకరు నవ్వారు, సిగ్గుతో. త్రాయ్కోకు నవ్వు రాలేదు. కుట్ర పన్నారని అనుకున్నాడు. కుట్రైనా తనకో విలువ ఇచ్చినట్టుండేది. వీళ్లు తన కాఫీ కోసం నోరూరుతూ తన దండెం వదిలేశారు. పాస్కో అభ్యంతరం చెప్పాడు, ఇంకొకరు చెప్పారు. దండెం ఉంటుందని లిండల్ రాసుకుంది. గోడ దగ్గర మేలే ఏమీ మాట్లాడలేదు. మాట్లాడినా రాసుకునేవాళ్లు లేరు.

అందరూ వెళ్లాక లిండల్ కాగితాలు సర్దుకుంటూ ఆగింది.

"ఆ రోజు నువ్వు కాఫీకి లేచి వెళ్లాలని నేను చూడలేదు త్రాయ్కో. అది నమ్ము."

అతను కుర్చీ మడుస్తున్నాడు.

"నువ్వు వెళ్లాక మాత్రం," అంది ఆమె, ఇంకొంచెం మెల్లగా, "తేలికగా అనిపించింది. అప్పుడే చదివేశాను."

ఇన్ని రోజులు అతను మనసులో తిప్పిన దృశ్యంలో ఆ తేలికపడ్డ ముఖం లేదు. ఆ ముఖం ఒక్కటే నిజం. అది వింటే బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు.

"ఇప్పుడైనా కాఫీ పెడతావా?" అంది ఆమె, నవ్వే ప్రయత్నంతో.

"పెట్టను."

పెరట్లోకి వెళ్లి పిడి కింది పెట్టె మరలు విప్పాడు. ఈ ఏడు ఈ పని ఇంకా కాలేదు. పాత గ్రీజు నల్లగా, మసి కలిసి గట్టిపడి ఉంది. గోరుతో గోకి తీశాడు, కొత్తది చక్రాల పళ్ల మధ్య నింపాడు, చేతులు ప్యాంటుకే తుడుచుకున్నాడు. పైనుంచి మేలే గొంతు వచ్చింది.

"కొంచెం పైకెత్తండి అంకుల్, నా దుప్పటి గడ్డికి తగులుతోంది."

పిడి తిప్పాడు. చక్రాలు మొదట మొరాయించి, ఆ తర్వాత చప్పుడు లేకుండా కదిలాయి. తీగలు, ప్యాంట్లు, చిన్న చొక్కాలు, అన్నీ ఒక్కసారిగా లేచి అతని తల మీదికి వచ్చాయి. కోపం చల్లారలేదు. దాన్ని చల్లార్చుకోవాలని కూడా అతనికి లేదు. వచ్చే ఏడు మీటింగు దాకా అది కావాలి. మేలేను కుర్చీలో కూర్చోనిచ్చేదాకా కావాలి. ఇంకో చుట్టు తిప్పాడు.